రెండు మూటల వంకర పాటలు

కాలేజీ వెనక సందులో జిరాక్సు కొట్టు. మిట్టమధ్యాహ్నం. కౌంటరుకి అటువైపు కొట్టువాడు, ఇటువైపు భుజాన సంచీతో ఒకావిడ.

“గుడ్లగూబ అంటే మీరేనా?”

“ఏంటండీ?”

“గుడ్లగూబ. పుస్తకంలో అలాగే రాసుంది. కాలేజీ వెనక సందు, జిరాక్సు కొట్టు, గుడ్లగూబ.”

“ఎవరి పుస్తకంలో?”

“మా తమ్ముడిది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం వాడిది. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. నడుస్తుంటే ఎడమ భుజం వంగిపోతుంది.”

“రోజుకి వందమంది వస్తారండీ ఇక్కడికి. అందర్నీ ఎక్కడ గుర్తుపెట్టుకోను? ఎన్ని కాపీలు కావాలి మీకు?”

“కాపీలొద్దు. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. పదకొండు రోజులైంది, కళ్ళు తెరవలేదు.”

“అలాగా.”

“అలాగా ఏంటి? నీకు ముందే తెలుసా?”

“ఎవరో అనుకుంటుంటే విన్నా. సరిగ్గా తెలీదు. కాస్త పక్కకి జరగండి, వెనకాల వాళ్ళు...”

“వెనకాల ఎవరూ లేరు బాబూ.”

“వస్తారు. పరీక్షల రోజులు.”

“వచ్చేలోపు నా మాట విను. డాక్టరమ్మ చెప్పింది, వాడికి బాగా ఇష్టమైనవి చెవి దగ్గర వినిపించండి, ఒక్కోసారి పలుకుతారు అని. ఎల్లుండి దాకా చూద్దామంది. ఎల్లుండి తర్వాత ఏంటమ్మా అంటే కాగితాలు సర్దుకుంది. నాకు తెలిసిన పాటలన్నీ పెట్టాను. రేడియో కూడా పెట్టాను. కనురెప్ప కదిలితే ఒట్టు.”

“ఎలా కదుల్తుంది? వాడికి రేడియో అంటే ఒళ్ళు మంట.”

“చూశావా! తెలీదన్నావు.”

“నేనెప్పుడన్నాను?”

“తెలీదన్నావు కదా. ఇప్పుడే అన్నావు.”

“అందరూ వినేవి వాడు వినడు. అంతే నాకు తెలిసింది.”

“ఆ వినేదేదో చెప్పు. నీకు దణ్ణం పెడతా. తోడబుట్టినదాన్ని, ఒకే గదిలో ఉంటాం, వాడికేది ఇష్టమో నాకు తెలీదు. ‘వంకర పాటలు’ అనేదాన్ని. ఆపరా నీ వంకర పాటలు, నా కుట్టుమిషన్ చప్పుడే నయం అని.”

“మా దగ్గర వాడి పేరు అదే. వంకరబాబు.”

“వంకరబాబా?”

“మీరన్న మాటే మాకొచ్చి చెప్పాడు. అప్పట్నుంచీ అందరం అలాగే పిలుస్తాం. ఐదుగురం ఉంటాం. ఆదివారాలు కొట్టు మూశాక ఈ వెనక గదిలో కూర్చుంటాం. ఎవరికేది దొరికితే అది పట్టుకొస్తారు. వాడికి మీటర్ల పని కదా, ఏ ఇంటి అటక మీద ఏముందో వాడికే తెలుసు. మంచు గురించి రెండొందల పేజీలు రాసిన ఓడ వంటవాడి పుస్తకం వాడు తెచ్చిందే. ఒక్క వంట లేదు అందులో. అంతా మంచే.”

“అది చదువుతూ నవ్వుకునేవాడు. పిచ్చి పట్టిందా అనేదాన్ని.”

“ఓ సినిమా ఉంది, లిఫ్టు నడిపేవాడి కథ. చివరి రీలు కాలిపోయింది. ముగింపేంటో ఎవరికీ తెలీదు. మేం ఐదుగురం ఐదు చెప్పుకుంటాం. వాడు చెప్పేదాంట్లో లిఫ్టువాడు మెట్లెక్కి ఇంటికెళ్ళి పడుకుంటాడు. అంతే.”

“వాడి బుద్ధే అది. మరి పాటలు? చెవిలో పెట్టడానికి పాట కావాలి.”

“ఒకటుంది. వాన కారే హాల్లో బ్యాండువాళ్ళు వాయిస్తుంటారు. కింద బకెట్టు పెట్టారు కాబోలు, టప్, టప్ అని పడుతుంటుంది. కాసేపటికి వాళ్ళు తాళం తప్పి, ఆ బకెట్టు తాళంలోకి వెళ్ళిపోతారు. సరిగ్గా అక్కడ వీడు లేచి నిలబడతాడు. ప్రతిసారీ.”

“ఆ టప్ టప్ పాటా! కుళాయి కారుతోందనుకుని మూడుసార్లు లేచెళ్ళాను నేను. అదే ఇవ్వు. అది వింటే లేస్తాడు వాడు.”

“ఆ రికార్డు వాడిదే కదండీ. ఇంట్లో వెతకండి.”

“ఇంట్లో లేదు.”

“ఏమైంది?”

“చెదలు పట్టాయి.”

“రికార్డుకి చెదలా?”

“తడిసిపోయాయి. మొన్న వానకి.”

“అన్నీనా?”

“అన్నీ. నువ్వు నన్ను అడగొద్దు. నీ దగ్గరున్నది ఇవ్వు చాలు.”

“అక్కా.”

“తూకానికి వేసేశాను! సరేనా? పాతసామాను బండివాడు వస్తే, రెండు మూటలు కట్టి నేనే ఎత్తిచ్చాను. మాదెంత గది? మిషను, గుడ్డలు కోసే బల్ల, ఇద్దరు మనుషులు, వాడి డబ్బాలు. ఒకావిడ పట్టుచీర మీద ఆ డబ్బా పడి మరకైంది. నోటికొచ్చినట్టు తిట్టింది నన్ను. ఆ కోపంలో... వాడు డ్యూటీ నుంచి ఒంటిగంటకొచ్చాడు. అరుస్తాడనుకున్నా. అరిచినా బావుండేది. ‘ఏ బండి అక్కా, ఎటెళ్ళింది’ అన్నాడు. అంతే. అన్నం కూడా తినలేదు. సాయంత్రం ఆరింటికి, వానలో, వంతెన మలుపులో లారీ... ఐదు గంటలు తిరిగాడు నాయనా వాడు. ఐదు గంటలు ఆ బండి కోసం వీధులన్నీ తిరిగి తిరిగి... నేనే పంపించాను. నా చేతుల్తో నేనే.”

“కూర్చో. ముందు కూర్చో అక్కా. నీళ్ళు తాగు.”

“నాకెందుకు నీళ్ళు! కాపీ ఉందా లేదా చెప్పు. లేకపోతే మీలో మిగతా ముగ్గురి ఇళ్ళూ చెప్పు, వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా.”

“వెనక గదిలోకి రా.”

“ఎందుకు?”

“రా అక్కా. తల వంచు, గుమ్మం చిన్నది.”

“ఏంటివి... ఇవి మావే! ఈ గోనెలు మావే. ఇదిగో, మూతి నేను కుట్టిందే, ఎర్ర దారం. నీ దగ్గరికెలా వచ్చాయి? బండివాడి దగ్గర నువ్వు కొన్నావా?”

“వాడే తెచ్చాడు.”

“ఎప్పుడు?”

“ఆ రోజే. రెండింటికల్లా వచ్చేశాడు. బండివాడు రెండు వీధులు కూడా దాటలేదట. ‘మా అక్క ఎంత గట్టిగా కుట్టిందో చూడరా, ఒక్కటి జారలేదు’ అన్నాడు.”

“రెండింటికా?”

“రెండింటికే.”

“నవ్వుతూ అన్నాడా? ఏడుస్తూ అన్నాడా?”

“ముందు పావుగంట నిన్ను తిట్టాడు. తర్వాత నవ్వాడు. ‘ఇవిక్కడే ఉండనీ, అక్క కాళ్ళు చాపుకోడానికి చోటు లేదు’ అన్నాడు.”

“అమ్మా... అమ్మా. పదకొండు రోజులు... పదకొండు రోజుల్నుంచి నేను... నువ్వెందుకు చెప్పలేదు? ఇందాక కూడా ఇంట్లో వెతకమన్నావు!”

“భయమేసింది.”

“దేనికి?”

“ఆ బకెట్టు పాట ఈ మూటలోనే ఉండాలి. ఉండు, తీస్తా. వాయించే పెట్టె కూడా ఇస్తా, తీసుకెళ్ళు.”

“తీసుకెళ్ళడమేంటి, నువ్వూ వస్తున్నావు. ఏది ముందు పెట్టాలో నాకేం తెలుసు? నీ గొంతు విన్నా లేస్తాడేమో.”

“నేను రాలేను.”

“ఒక్కరోజు కొట్టు మూస్తే ఏమవుతుంది?”

“కొట్టు కాదక్కా. రెండుసార్లు ఆస్పత్రి గేటు దాకా వచ్చాను. లోపలికి రాలేకపోయాను. నన్ను బలవంతపెట్టకు.”

“సరే ఏడవకు. నువ్వేడిస్తే నేనేమవ్వాలి? ఇదిగో, ఈ రికార్డు చూడు. వాడి సంచీలోంచి తీసిచ్చారు ఆస్పత్రి వాళ్ళు. రెండు ముక్కలైంది. రాత్రంతా కూర్చుని టేపు వేసి అతికించాను. ఇది కూడా పాడుతుందా? ఈ మూటల్లోదే కదా, ఇదొక్కటీ ఎందుకు దగ్గర పెట్టుకున్నాడో.”

“అది ఈ మూటల్లోది కాదు.”

“మరి?”

“వంతెన అవతల ఒక ముసలాయనది. నాలుగేళ్ళుగా అడుగుతున్నాం. ఆ రోజు నాలుగున్నరకి ఫోను చేశాడు, వచ్చి పట్టుకెళ్ళండని.”

“ఓహో. దీనికోసమా వెళ్ళాడు, ఆ వానలో? వీడి పిచ్చి తగలెయ్య, రేపు తెచ్చుకోకూడదూ?”

“అదే అన్నాడక్కా. ‘రేపు తెస్తాలేరా, అక్క అన్నం తినకుండా కూర్చునుంటుంది, ఇంటికి పోతా’ అని చెప్పులేసుకున్నాడు. ఇవాళ అది తేకపోతే మళ్ళీ నా గడప తొక్కొద్దని నేనన్నాను.”