మీ తాత తెలుగు మర్సిపోయినప్పుడు

“మామ్మా, ఆప్‌నే హిందీ కిస్సే సీఖీ?”

హిందీ ఎవలి దగ్గిర నేర్సుకున్నానా? మీ తాత దగ్గిరేనే. నవ్వకు. పెళ్లయ్యి శ్రీకాకుళం నుండి ఈ హిందీ దేసంలో సీతారాండేరా వచ్చినప్పుడు నాకు ‘పానీ’ తప్ప ఏటీ రాదు. పేటలో సుట్టూ మన తెలుగోళ్లే కదే, అవసరం ఏటుంది? తరవాత, మీ నాన్నకి నాలుగేళ్లప్పుడు... కాదులే, మూడే. తాత రైల్వే యార్డులో పనికెళ్లి, వానకి కాలు జారి రైలు పట్టాల మీద పడిపోనాడు. తలకాయకి దెబ్బ.

ఆస్పత్రిలో కళ్లు తెరిసినాడు. “ఏటి కావాల?” అనడిగినాను. నా మొకమే సూత్తన్నాడు. “ఆప్ ఘర్ జాయియే” అన్నాడు. ఇంటికెళ్లండి అనంట. ఆప్ అంట, మీరని, నన్ను! బయటి మనిసిని అన్నట్టు. పోల్చుకున్నాడు, నా సెయ్యి వదల్లేదు, గానీ తెలుగు ముక్క నోట్లోంచి రాదు, నేనన్నది బుర్రకెక్కదు. యార్డులో మాటాడే హిందీ మట్టుకు మిగిలింది.

మా అత్త ఏటందో తెలుసా? “ఎవడో హిందీవోడి దెయ్యం పట్టీసినాదే” అని. వేపమండల్తో కొట్టించింది కూడాను. ఆ రోజుల్లో తలకాయకి ఏటయినా గాలో దెయ్యమో అనీవోరు. ఆవిడ మాత్రం ఏటి సేత్తాది, కన్నకొడుకు కదా. డాక్టరుబాబు సెప్పింది మన వైపు నర్సమ్మ ఇడమర్సింది. “దెయ్యం కాదమ్మా, మెదడులో మాటలుండే సోట దెబ్బ తగిలింది. తెలుగు వత్తాదో రాదో సెప్పలేం. వచ్చిన బాసలోనే మాటాడు” అని.

మరేటి సేత్తాను? పక్కింటి బిహారీ దీదీ దగ్గిర పొద్దుగూకులా కూకుని నేర్సుకున్నాను. ఓ రోజు తాత ముందు కంచమెట్టి “మై భాత్ పకాతా హూఁ” అనీసినాను, అన్నం నేను వండుతానని, మగోళ్లు అన్నట్టు. “పకాతీ” అని దిద్ది నవ్వినాడే! అప్పుటిదాకా గోడకేసి తిరిగి ఏడిసీవోడు. దెబ్బ తగిలినాక అదే మొదలు నవ్వడం. ఇంక నేను తప్పనడం, తాత దిద్దడం. మొగుడూ పెళ్లాం ఇంట్లోనే బడి పెట్టీసినాం.

ఏడాది దాటిందేమో. గంజి వారుత్తన్నాను, మీ నాన్న పరుగెట్టుకొని వచ్చీసినాడు. “ఒరే, కాల్తాదిరా!” అని ఒక్క కేక. ఎవలిదనుకున్నావు? తాతదే. తెలుగు! నేను కుండ దించీసి కూలబడి ఏడిసీసినాను. తాత తెల్లబోయి సూత్తన్నాడు, ఏటన్నాడో తనకే తెలీదు.

అలాగ ఒకటీ అరా వచ్చినాయి. అన్నీ రాలేదు. పోయీదాకా వంకాయ బైంగనే. పోన్లే, మాటాడుకున్నాం, అదే సాలు.

నువ్వు ఆదిత్యపూర్ డ్యూటీకి బండి మీదెల్తావు కదా, ఆ హెల్మెట్టు సేతికి తగిలించుకోక నెత్తికెట్టుకో. ఇంత బుర్రలోనే కదే, అమ్మ నేర్పిన మాటలన్నీ... నీ మాటలు నీ దగ్గిరే ఉండాల తల్లీ, నూరేళ్లూ...