గైర్హాజరు కాని పదకొండు రోజులు

పంతొమ్మిది వందల ఎనభై ఏడు, జూలై మూడవ తేదీ, శుక్రవారం నాడు ఈ నగర గ్రంథాలయపు బైండింగు విభాగంలో ఇరవై రెండేళ్ళ యువతి ఒకరు ఉద్యోగంలో చేరారు. చేరినట్టు సంతకం చేసి, సొంత సంచిలోంచి సొంత దబ్బనం తీసి బల్లమీద పెట్టి, "కుట్టాల్సినవి ఎక్కడున్నాయండీ?" అని అడిగారు. ఆ దబ్బనం వారి తండ్రిగారిది. గోతాలు కుట్టి సంసారం ఈదిన మనిషి ఆయన. ఆనాటి నుంచి నేటి వరకు, ముప్పై ఎనిమిదేళ్ళపాటు, పై అధికారులు మొదలుకొని ఊడ్చేవారి దాకా అందరికీ వారు దబ్బనం అక్కయ్యగారే. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ మాన్య సహోద్యోగినికి అభినందనలు తెలుపుతూ ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని ఊరికే అనడం లేదు. ఎందుకో చివరికి తెలుస్తుంది.

వారు చేరిన నాటి గ్రంథాలయాన్ని నేటి యువ ఉద్యోగులు ఎరుగరు. కాలువకు ఇవతలివారు ముందు ద్వారం గుండా వచ్చి, పఠన మందిరంలో ఫ్యాను కింద కూర్చొని చదువుకునేవారు. కాలువకు అవతలివారు పక్క సందులోని కిటికీ దగ్గర నిలబడి, చీటీ అందించి, పుస్తకం పుచ్చుకొని వెళ్ళిపోయేవారు. లోపలికి రాకూడదని ఏ నిబంధనావళిలోనూ లేదు, ఏ గోడమీదా లేదు; రాస్తే ఎవరైనా కొట్టివేయగలరు గనుక ఎవరూ రాయలేదు. కిటికీ పుస్తకాలకు వేరే బీరువా, వెన్నుమీద పసుపు కాగితం ముక్క. అక్కయ్యగారిది కాలువ అవతలి ఇల్లు. మందిరంలోని పుస్తకాలన్నిటినీ విప్పి, కుట్టి, అట్టలు వేసే చేతులు వారివే అయినప్పటికీ, అక్కడి కుర్చీలో కూర్చునే అర్హత మాత్రం వారికి లేకపోయింది. పెరటి తలుపున వచ్చి పెరటి తలుపున పోయేవారు.

తొలి నాలుగేళ్ళలో వారు సుమారు తొమ్మిది వేల పుస్తకాలకు ప్రాణం పోశారు. వారి పొరపాటుగా దస్త్రాలకెక్కింది ఒక్కటే. ఒకసారి మూడువందల పుస్తకాలకు కొత్త అట్టలు వేసి, పసుపు ముక్కలు తిరిగి అతికించడం మరిచారు. కిటికీవీ మందిరానివీ ఏకమైపోయాయి. సంజాయిషీ అడిగితే ఒక్క వాక్యంలో ఇచ్చారు: "కుట్టు విప్పితే అన్నీ కాగితాలేనండి, ఏది ఎటువైపుదో నాకు తెలియలేదు." సిబ్బంది విభాగంలో గుమాస్తాగా ఆ జవాబును దస్త్రంలో చేర్చినవాణ్ణి నేనే. చాటుగా నవ్వుకున్నాను గాని పైకి కిమ్మనలేదు. నోట్లో నాలుక లేనివాడినని ఆఫీసులో నాకు మంచి పేరుండేది.

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, ఫిబ్రవరి నాలుగు, సోమవారం. తలుపులు తెరవగానే కాలువ అవతలి నుంచి ముప్పై నలుగురు ముందు ద్వారం గుండా వచ్చి, తలా ఒక పుస్తకం తీసుకొని కూర్చున్నారు. మొదటి కుర్చీలో అక్కయ్యగారి తల్లిగారు, రెండవ దానిలో అక్కయ్యగారు. వచ్చినవారందరి నియమాలు మూడే: తిట్టినవాడికి బదులు చెప్పకూడదు, కొట్టినవాడిమీద చెయ్యెత్తకూడదు, చదువుతున్న పేజీ పూర్తికాకుండా తలెత్తకూడదు. అందుకోసం నెలరోజులు అక్కయ్యగారి ఇంట్లోనే సాధన చేశారు. సగంమంది చదువుతుంటే తక్కిన సగం కుర్చీలు లాగడం, నెత్తిన నీళ్ళు కుమ్మరించడం, నోటికొచ్చినట్టు తిట్టడం. తిట్ల బాధ్యత తల్లిగారిది. "మా అమ్మ తిట్లకే తట్టుకున్నవాళ్ళం తమ్ముడూ, వీళ్ళ తిట్లు మాకో లెక్కా?" అని అక్కయ్యగారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

నవ్వుతూ చెబుతారు గాని జరిగింది నవ్వులాట కాదు. తొలిరోజు ఫ్యాన్లు ఆపారు. రెండవ రోజు కుర్చీలు తీసేశారు. వారు నేలమీద కూర్చున్నారు. మూడవ రోజు పోలీసులు వచ్చి జబ్బలు పట్టుకొని ఈడ్చి వీధిలో వదిలారు. మరునాడు ఉదయం అదే ముప్పై నలుగురు, వెంట మరో ఇరవైమంది. ఆదివారం సెలవైతే మెట్లమీద కూర్చొని చదివారు. ఎవరెవరో వచ్చి సిరా చల్లారు. పోలీసుల ఈడ్పుల్లో తల్లిగారి మణికట్టు విరిగింది. రెండు రోజుల తరవాత కట్టుతో వచ్చి, కూతురిచేత పేజీలు తిప్పించుకుంటూ చదివారు. వారి ముఖంలో భయం కోసం నేను వెతికాను. నిజం చెప్పాలంటే ఉంటే బాగుండుననుకున్నాను, నా భయానికి తోడుగా. లేదు.

ఆరవ రోజున జరిగింది చెప్పకపోతే అక్కయ్యగారిని గురించి చెప్పినట్టు కాదు. ఒక కానిస్టేబులు వారి చేతిలోని పుస్తకాన్ని వెన్ను పట్టుకొని లాగబోయాడు. అప్పటిదాకా పెదవి విప్పని అక్కయ్యగారు నియమం మరిచి కేక వేశారు: "అయ్యో, వెన్ను పట్టి లాగకండి బాబూ! కుట్లు తెగిపోతాయి! కింద చెయ్యి పెట్టి పట్టుకోండి!" అతను బిత్తరపోయి, పసిపాపను ఎత్తుకున్నట్టు పుస్తకాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇలాగేనా అమ్మా?" అని అడిగాడు.

"ఆఁ, అలాగే. బల్లమీద పెట్టేసి, ఇప్పుడు నన్ను లాగండి" అన్నారు అక్కయ్యగారు.

పేజీ పూర్తికాకముందే తలెత్తినందుకు ఆ సాయంత్రం తల్లిగారు చీవాట్లు పెట్టారట.

ఇవన్నీ జరుగుతుండగా నేనెక్కడున్నాను? అద్దాల తలుపుకు ఇవతల, నా బల్ల ముందు. నా కుర్చీకీ వారు కూర్చున్న చోటుకూ నలభై అడుగులు. "చదువుకొనుటకు" అని కారణం చూపి అక్కయ్యగారు ముందుగానే ఇచ్చిన సెలవు చీటీని ఆనాటి అధికారి తిరస్కరించి, "గైర్హాజరని రాసెయ్" అన్నారు. అద్దంలోంచి వారిని చూస్తూనే ఏ రోజుకారోజు హాజరు పట్టీలో గీత పెట్టాను. చివరికి నడుమ వచ్చిన ఆదివారాన్నీ కలుపుకొని, వారి సేవా పుస్తకంలో ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాశాను: "అనధికార గైర్హాజరు, పదకొండు రోజులు." సిగ్గుపడ్డానని చెప్పుకోను, ఆనాడు పడలేదు. దస్తూరీ బాగా కుదిరిందనుకున్నాను.

పన్నెండవ రోజు ఉదయం కుర్చీలు తిరిగి వచ్చాయి. కిటికీకి చెక్కలు బిగించారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని పాలకవర్గం ఉత్తర్వు వేసింది. అది పెద్దల ఔదార్యమని కొందరు నేటికీ అంటారు. ఎవరూ ఇవ్వలేదు, పదకొండు రోజులు కూర్చొని తీసుకున్నారు. అక్కయ్యగారు ఆ ఉదయమే బైండింగు గదికి వెళ్ళి, ఆ పెనుగులాటలో చిరిగిన పదిహేడు పుస్తకాలను ముందు వేసుకొని కుట్టడం మొదలుపెట్టారు. తొంభై ఎనిమిదిలో ప్రధాన బైండరుగా, రెండువేల తొమ్మిదిలో పాత గ్రంథాల పరిరక్షణ విభాగానికి అధిపతిగా పదోన్నతి పొంది, ఇరవై ఆరుగురికి పని నేర్పి, ఒక్కరినీ నొప్పించకుండా, ఒక్కరికీ తలవంచకుండా పనిచేశారు. ఆ మందిరంలోనే చదువుకొని ఎదిగిన వారి కుమార్తె నేడు ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని.

ఇక ఈ వేసవి సంగతి. విరమణ కాగితాలు పంపితే పై కార్యాలయం తిప్పి పంపింది. సేవలో పదకొండు రోజుల గండి ఉన్నందున, వీడ్కోలు సభలో చదివి అందజేసే అవిచ్ఛిన్న సేవా పత్రం వీరికి ఇవ్వడం కుదరదట. ఆనాడు జబ్బుపడ్డానని ఒక్క ముక్క రాసిస్తే దాన్ని వైద్య సెలవుగా మార్చి పత్రం ఇస్తారట. ఆ కాగితం నేనే తీసుకువెళ్ళాను. అక్కయ్యగారు చేతికంటిన జిగురు తుడుచుకొని రెండుసార్లు చదివారు.

"నాకు జబ్బు చేసిందని రాయాలా? తమ్ముడూ, నా జన్మలో అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేను. మా అమ్మ చెయ్యి విరగ్గొట్టుకున్న రోజుల్ని నేను జ్వరం కింద రాసుకుంటానా? పత్రం నాకక్కర్లేదు. ఆ రోజుల్ని మాత్రం ముట్టుకోనివ్వను."

మన సిబ్బంది సంఘం పత్రిక ఈ సంచికలో కూడా ఆ ప్రస్తావన వద్దని సంఘంలోని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. "సంతోషం పూట ఆ గొడవలెందుకండీ? పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు!" అన్నారు. ఆ పిల్లి మన గ్రంథాలయంలోనే పుట్టింది, మనమే పాలుపోసి పెంచాం, ఇప్పుడు ఎవరి పిల్లో అంటే కుదరదని మనవి చేశాను. నోట్లో నాలుక మొలవడానికి నాకు ముప్పై నాలుగేళ్ళు పట్టింది.

సేవా పుస్తకంలో నమోదు చేసినవారే దాని కింద వివరణ రాసి సంతకం చేయవచ్చునని మన నిబంధనల్లో ఉంది. నేడు అదే సిబ్బంది విభాగానికి పర్యవేక్షకుణ్ణి నేను. గడచిన మంగళవారం మధ్యాహ్నం ఆ పుట తెరిచాను. ఎర్ర అక్షరాలు చెక్కు చెదరలేదు. వాటి కింద నీలి సిరాతో రాశాను, ఈసారి దస్తూరీ కుదరలేదు: "ఈ పదకొండు రోజులూ ఉద్యోగిని గ్రంథాలయంలోనే ఉన్నారు. నలభై అడుగుల దూరం నుంచి కళ్ళారా చూశాను. ఆ రోజుల్లో గైర్హాజరైనది నేను." పై కార్యాలయం కొట్టివేస్తే కొట్టివేయనివ్వండి, మళ్ళీ రాస్తాను. నా విరమణకు ఇంకా రెండేళ్ళుంది.

వచ్చే నెల నుంచి అక్కయ్యగారు ఇక్కడికి పాఠకురాలిగా, ముందు ద్వారం గుండా వస్తారు. వారి తల్లిగారు కూర్చున్న ఆ మొదటి కుర్చీని అక్కయ్యగారి పేర శాశ్వతంగా కేటాయించాలని సిబ్బంది అందరం తీర్మానించి, ఆ మాట వారికి విన్నవించాం. వారు ఒప్పుకోలేదు.

"వద్దు తమ్ముడూ. ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చోవాలి. అంత గొడవా చేసింది అందుకేగా!" అన్నారు.

కనుక, దబ్బనం అక్కయ్యగారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, చూపు తగ్గకుండా, మోకాళ్ళు మొరాయించకుండా నిండు నూరేళ్ళూ జీవించి, రోజూ ఉదయం తలుపులు తెరిచే వేళకు మా అందరికంటే ముందుగా రావాలని మనసారా కోరుకుంటున్నాం.