పావుగంట ఫ్రీజర్‌లో

హలో… ఆ, నేనే. పాపకేం కాలేదు, కంగారుపడకు. హాల్లో కూర్చుని బొమ్మలేసుకుంటోంది.

…తెలుసు. ఆదివారం పాప నా దగ్గరున్నప్పుడు ఊరికే ఫోన్ చేయొద్దన్నావు. రెండు నిమిషాలే. ఒక్క మాట అడిగి పెట్టేస్తా.

పిజ్జాకి చీజ్ ఎలా తురమాలి?

…వినపడింది కదా, మళ్లీ చెప్పించకు… చీజే… నవ్వుకో, పర్లేదు.

…లేదు, ప్యాకెట్ కాదు. ఈసారి బ్లాకు తెచ్చా. తురుముపీట కూడా కొన్నా. పాతది నీతో వెళ్లిపోయింది కదా… అబ్బే, అడగడం లేదు. అది నీదే. మాటవరసకి అన్నా.

సగం తురిమాను. తురుమంటే ఏముంది, ముద్దయి కూర్చుంది. కొంత పీట రంధ్రాల్లో ఇరుక్కుంది, కొంత నా చేతికి అంటుకుంది. బొటనవేలు కూడా కాస్త తురుముకున్నా… చిన్నదే. పాప ప్లాస్టర్ వేసింది. దాని బ్యాగులోంచే తీసింది. నువ్వు పెట్టావా?…

ఓహో. ఇక్కడ ఉండదని.

…అవును, నేనే అనేవాణ్ణి, ఒప్పుకుంటున్నా. తురిమి ప్యాకెట్లో పెట్టి అమ్ముతుంటే కూర్చుని ఈ గీకుడేంటి, నీ చాదస్తం కాకపోతే అని. పోయిన ఆదివారం ఆ ప్యాకెట్టే వాడా. ఒకదానికొకటి అతుక్కోకుండా దానికి ఏదో పొడి అద్దుతారట. సరిగ్గా కరగనే లేదు. పైన పీచుపీచుగా అలాగే పడుంది.

…తింది. అదే నా బాధ. మొత్తం తింది.

మనింట్లో అయితే అంచులు వదిలేసేది. చీజ్ సాగదీసి ముక్కుకి తగిలించుకునేది, నువ్వు కసిరేదానివి. ఇక్కడ బుద్ధిగా కూర్చుని, అంచులతో సహా తినేసి, ప్లేటు తనే కడిగి, 'థాంక్స్ నాన్నా' అంది.

నాకు థాంక్స్ చెప్పింది… పక్కింటివాళ్లకి చెప్పినట్టు.

…నీతో ఏమైనా అందా? …చెప్పు. దాచకు. నీ గొంతు నాకు తెలీదా?

…'ప్రతి ఆదివారం వెళ్లాలా' అందా.

…

…ఆ, ఉన్నా. లైన్లోనే ఉన్నా. ఓవెన్ చూస్తున్నా… ఏం లేదు. నువ్వు చెప్పు.

…సాయంత్రం ఇంటికొచ్చాక అడుగుతావా? సరే, అడుగు. నెలకోసారి చాలంటే నెలకోసారే. బలవంతపెట్టకు. నాన్న బాధపడతాడని చెప్పి మాత్రం పంపకు, అలా వచ్చే పిల్లని నేను చూడలేను.

కాకపోతే ఈ ఒక్క పూటా సరిగ్గా చేసిపెట్టాలని… అందుకే చేశా ఫోన్.

…చెప్పు, వింటున్నా. మిగిలిన సగం ఉంది కదా, దాన్ని?

…ఎక్కడ పెట్టాలి?

…ఫ్రీజర్లోనా?

…పావుగంట. తురిమే ముందు. చల్లబడి గట్టిపడితే ముద్ద కట్టదు… ఆ, తెలిసింది. ఇంట్లో మూడు ఫ్రిజ్‌లున్నాయిలే, రెండు రిపేరుకొచ్చినవి. నాదొక్కటే పనిచేస్తోంది… పెడుతున్నా… పెట్టేశా.

…ఆగు. ఒక్క నిమిషం ఆగు.

మనింట్లో అప్పుడప్పుడూ ఫ్రీజర్లో చీజ్ ఉండేది కదా. అది… నువ్వు పరధ్యానంలో పెట్టింది కాదా?

…ప్రతిసారీ కావాలనేనా?

ఎన్నిసార్లు తీసి కింది అరలోకి మార్చానో. రోజంతా ఊళ్లో వాళ్ల ఫ్రిజ్‌లు బాగుచేసి వచ్చి, మనింట్లో చూస్తే ఇదీ సంగతని… పాప పుట్టినరోజు నాడు, అందరి ముందూ… నేనన్నది నీకు గుర్తుందా?

…ఆ. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నీకు. 'ఫ్రిజ్ మెకానిక్ పెళ్లానికి ఏది ఏ అరలో పెట్టాలో తెలీదు.' అందరూ పగలబడి నవ్వారు. మీ అన్నయ్య నవ్వాడు, అత్తయ్యగారు కూడా… సరే. మీ అమ్మగారు కూడా.

నువ్వు మాత్రం అటు తిరిగి తురుముకుంటూ ఉన్నావు. మెత్తబడిపోయినదాన్నే. నేను కిందికి మార్చేశాను కదా.

…మణికట్టు నొప్పి పుట్టేదా.

మరి చెప్పొచ్చు కదా, ఒక్క మాట…

…అవును. అడగలేదు. పదేళ్లలో 'ఇక్కడెందుకు పెట్టావు' అని ఒక్కసారి కూడా అడగలేదు. నవ్వడమే తెలుసు నాకు.

తప్పు నాది. చీజ్ గురించి ఒక్కటే అనడం లేదు, నీకు తెలుసు.

…'ఇప్పుడా అనేది' అంటే ఏం చెప్పను, నాకిప్పుడే తెలిసింది… లేదు, ఏదీ మారదు. సంతకాలైపోయాయి, ఎవరిల్లు వాళ్లదైంది. ఏదో మార్చాలని చేయలేదు. ఒట్టు, చీజ్ కోసమే చేశా.

…ఉండు, పాప వంటింట్లోకి వచ్చింది. ఏమ్మా?… ఫ్రీజర్లో పెట్టానమ్మా, గట్టిపడాలిట… ఏంటీ?

…

…వింటున్నావా? దానికి తెలుసట. 'అమ్మ కూడా అక్కడే పెడుతుంది' అంటోంది. పొద్దుట్నించి నేనీ ముద్దతో కుస్తీ పడుతుంటే చూస్తూ కూర్చుంది, తెలిసి కూడా. చెప్పొచ్చు కదరా అంటే…

…

'నువ్వు నవ్వుతావని' అంది.

…

…నువ్వేం నేర్పలేదు, నాకు తెలుసు. నేనే నేర్పాను.

…ఆ, పెట్టేస్తా. రెండు నిమిషాలన్నా, చాలాసేపైంది. మణికట్టు ఇప్పుడెలా… సరే. సరే, అడగను.

పాపని ఆరింటికి దింపేస్తా. అది ఏది చెబితే అదే.

…ఇదిగో, ఒక్కటి. పావుగంట ఆగాలన్నావు కదా. ఈ పావుగంటా… లైన్లో ఉంటావా? ఏం మాట్లాడక్కర్లేదు. ఊరికే…

హలో?

…హలో?

…పెట్టేసిందమ్మా. అమ్మకి పనుందిట.

రా, ఇలా కూర్చో. ఇంకా పది నిమిషాలుంది. ఏం బొమ్మ వేశావు?… చూపించు మరి. వెనక్కి దాచుకుంటావేం?

…నవ్వను. చూపించు.