ఎదురుగా తినే మనిషి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా సంపాదకులకు, వేదిక మీదున్న యాజమాన్యం వారికి, ముందు వరుసలో కూర్చున్న పాత తరం పాత్రికేయులకు, సిరా చేతులతోనే పరిగెత్తుకొచ్చిన ప్రెస్ విభాగం అన్నలకు, ఇవాళ్టి పేజీలు ఎవరి నెత్తినో పెట్టి వచ్చిన డెస్క్ మిత్రులకు, సారు భార్య, నాకు సొంత అక్కలాంటి అక్కకు, ఇంతమంది ఎవరి కోసం కూడామో ఆ మనిషికి నమస్కారం.

ఇవాళ మనం వీడ్కోలు చెప్తున్న మా న్యూస్ ఎడిటర్‌ని మేం కత్తెర అంటాం. చాటుగా మొదలుపెట్టి ఎదురుగానే అనడం అలవాటు చేసుకున్నాం, ఆయనేమీ అనుకోలేదు. నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆయన్ని మహోన్నతుడు, స్ఫూర్తిప్రదాత, అజాతశత్రువు అన్నారు. ఆయనకు మాట పోయింది కాబట్టి ఒళ్ళో పలక పెట్టుకుని దాని మీద రాస్తారని మీకు తెలుసు. ఇందాక ఏదో రాసి ఎత్తి చూపించారు. వెనక వాళ్ళకి కనపడి ఉండదు, నేను చదువుతాను. ‘మూడూ కొట్టెయ్.’

(నవ్వులు)

అందుకని నేను ఆయన గుణగణాల జోలికి పోను. తిండి గురించి మాట్లాడతాను.

తిండి మీద ఆయనకున్నన్ని అభిప్రాయాలు ప్రభుత్వం మీద కూడా లేవు. పుస్తకమంత మెనూ చేతిలో పెట్టే హోటల్లో కూర్చోకూడదంటారు. వంటింటి తలుపు కనిపించే బల్లే మంచి బల్ల అంటారు. సూప్ పొగలు కక్కుతూ రాకపోతే వెనక్కి పంపాలి. టీ గాజు గ్లాసులోనే తాగాలి, రంగు కనపడాలి. ఏమున్నాయని అడిగితే ‘అన్నీ బావుంటాయి సార్’ అనే సర్వర్‌ని అస్సలు నమ్మకూడదు. వీటిలో సగం నేను ఒప్పుకోను. వంటింటి తలుపు పక్కన కూర్చుంటే వచ్చే పోయే ప్రతి ట్రే నా భుజానికే తగులుతుంది. సూప్ నాకు చల్లారాకే ఇష్టం. అలా చూడకండి సార్, ఇన్నేళ్ళూ మీ ఎదురుగా నాలుక కాల్చుకుంటూ తాగాను, ఇవాళ మైకు నా చేతిలో ఉంది.

(నవ్వులు)

ఆయన మాకు పని నేర్పింది తిండితోనే. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళందరికీ ఇది తెలుసు, కొత్తగా చేరిన పిల్లల కోసం చెప్తున్నాను. బయటికెళ్ళిన రిపోర్టరు ఎక్కణ్ణించి ఫోన్ చేసినా, మంత్రి రాజీనామా చేసినా, గోదాము తగలబడినా, ఆయన మొదట అడిగేది ఒక్కటే, ఏం తిన్నావని. జవాబు చెప్పాకే వార్త వినేవారు. మిగతా పత్రికల వాళ్ళు దీని మీద జోకులేసుకునేవాళ్ళు. మేమూ వేసుకున్నాం.

నేను చేరిన కొత్తలో ఒక బస్సు వంతెన మీంచి వాగులో పడింది. బడి పిల్లలు విహారయాత్రకి వెళ్తున్న బస్సు. నన్ను ముందు వాగు దగ్గరికి, అక్కణ్ణించి మార్చురీకి పంపారు. తల్లిదండ్రులు వస్తున్నారు, లోపలికి వెళ్తున్నారు, బయటికి వస్తున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఎదురుగా ఉన్న చిన్న హోటల్‌కి వెళ్ళి ఫోన్ చేశాను.

‘ఏం తిన్నావమ్మాయ్?’

‘సార్, ఇక్కడ పిల్లలు...’

‘ఏం తిన్నావు?’

‘ఏమీ తినలేదు సార్.’

‘తిని చెయ్’ అని పెట్టేశారు.

ఆ క్షణంలో ఆయన్ని నేను తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పలేను. హోటలాయన నా మొహం చూసి, అడక్కుండానే ఒక గుడ్డు వేయించి, రొట్టె ముక్క పక్కన పెట్టాడు. తిన్నాను. మళ్ళీ ఫోన్ చేశాను.

‘గుడ్డు తిన్నాను సార్. బావుంది.’

‘బావుందో లేదో నేనడిగానా? ఏముందో చెప్పు.’

‘అంచు మాడింది. సొన మధ్యలో పచ్చిగా ఉంది. ఉప్పు ఒక పక్కే పడింది.’

‘ఆఁ. ఇప్పుడు బస్సు సంగతి చెప్పు.’

చెప్పగలిగాను. ఏ కిటికీ తెరుచుకుందో, ఏది తెరుచుకోలేదో, డ్రైవర్ పక్క సీటు కింద ఎన్ని చెప్పులున్నాయో, అన్నీ వరసగా చెప్పాను. ఆయన రాసుకున్నారు. ఒక్క మాట కొట్టెయ్యలేదు. మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి నేను ఏడిచాను, అప్పటిదాకా ఏడవలేదు.

ఆ హోటల్ ఇంకా ఉంది. మార్చురీకొచ్చిన వాళ్ళు ఇప్పటికీ అక్కడే తింటున్నారు.

(విరామం)

చాలా ఏళ్ళకి ఆయనకి క్యాన్సర్ వచ్చి, నాలుకకీ గొంతుకీ కలిపి ఆపరేషన్ అయింది. ఇక నోటితో తినడం కుదరదనీ, పొట్టలోకి పెట్టిన గొట్టం గుండానే ఆహారం ఇవ్వాలనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు నేను వేరే ఊరి బ్యూరోలో ఉన్నాను. బదిలీ మీద తిరిగొచ్చేసరికి ఆయన మళ్ళీ పనిలో చేరి చాలా కాలమైంది. మొదటిరోజు మధ్యాహ్నం నా బాక్స్ పట్టుకుని మన భోజనాల గదికి వెళ్ళాను. ఆ గది మీకు తెలుసు. పొడుగు బల్ల, ఒకరి బాక్సులో ఇంకొకరి చెయ్యి, బంగాళాదుంపల వేపుడు ఎవరు తెచ్చినా మూత తీసేలోపు సగం ఖాళీ.

బల్ల చివర కత్తెర ఒక్కరే కూర్చున్నారు. ముందు పలక ఉంది. గదిలో ఇంకెవరూ లేరు.

మిగతా వాళ్ళెక్కడని వెతుక్కుంటూ వెళ్తే ఒక్కొక్కరూ దొరికారు. ఫొటోగ్రాఫర్లు మెట్ల మీద, ఫీచర్స్ వాళ్ళు న్యూస్‌ప్రింట్ కాగితం రీళ్ళ మధ్య, స్పోర్ట్స్ డెస్క్ పెద్దన్న తన కారులో అద్దాలెక్కించుకుని.

‘ఇదేంటి పెద్దన్నా, ఇక్కడ తింటున్నావ్?’

‘మెల్లిగా మాట్లాడవే తల్లీ. ఆయన ముందు ఎలా తింటాం? ముద్ద దిగుతుందా?’

‘ఆయనేమన్నా అన్నారా?’

‘ఆయనెందుకంటాడు? మనకుండొద్దూ బుద్ధి!’

ఎవరి మనసులోనూ చెడు లేదు. అందరికీ ఆయనంటే గౌరవమే. ఎవరూ సమావేశం పెట్టి తీర్మానించలేదు, ఒకరిని చూసి ఒకరు లేచారు. ఆయన కారిడార్‌లో నడిచొస్తుంటే టీ గ్లాసులు బల్ల కిందకి వెళ్ళేవి. ఫోన్లో ఏం తిన్నావని అడిగే గొంతు లేకపోయింది కాబట్టి, చెప్పేవాళ్ళూ లేకపోయారు.

నేను వెనక్కొచ్చి ఆయన ఎదురుగా కూర్చుని బాక్స్ తెరిచాను. ఆయన పలక మీద రాశారు. ‘శవాల ఎదురుగా కూడా జనం తింటారు. నా ఎదురుగా తినరు.’



తర్వాతి సంగతి అక్కని అడిగి, ఆమె సరేనన్నాకే చెప్తున్నాను. ఇంట్లోనూ అంతే. ఆమె వంటింట్లో తలుపు దగ్గరికేసుకుని, గట్టు పక్కన నిలబడి, చప్పుడు కాకుండా తినేది. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి. చెంచా పళ్ళేనికి తగిలి ఆగిపోవడం, మళ్ళీ మెల్లిగా కదలడం ముందు గదిలోకి వినపడేది.

ఆ వారం నుంచి ఆయన్ని హోటళ్ళకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. నిజానికి ఆయనే నన్ను తీసుకెళ్ళారు. ఏ హోటల్ అన్నది ఆయన ఎంపిక, ఏం తినాలన్నదీ ఆయన ఎంపికే, పొట్ట మాత్రం నాది. మొదటిసారి వెళ్ళినచోట సర్వర్ నా ముందు చేపల సూప్ పెట్టి, ఆయనకేసి తిరిగి, ‘సారుకేం తెమ్మంటారు?’ అన్నాడు. ఆయన పలక తిప్పి చూపించారు. ‘ఎదురుగా తినే మనిషి. ఇదిగో, దొరికింది.’ సర్వర్ అది చదివి, ఎవరూ అడక్కుండానే ఒక ఖాళీ పళ్ళెం, చెంచా తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

నేను సూప్ నోట్లో పోసుకుని, అలవాటుగా, బావుంది సార్ అన్నాను. పలక బల్ల మీద దబ్బున పడింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. అప్పుడు చెప్పాను. మిరియం ముందు తెలియదు సార్, మింగాక తెలుస్తుంది. చేప ముక్క చెంచా తగిలితే విడిపోయింది. అడుగున ఉల్లిపాయ కొంచెం మాడింది, ఆ వాసన పైకొస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

ఆ సంగతి విన్నాక అక్క వంటింటి తలుపు తీసి బయటికొచ్చింది. ఇప్పుడు ఆయన ఎదురుగా కూర్చుని తింటుంది, చెప్తుంది. మొన్న నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది. ‘చూడవే, ఉప్పెక్కువైందట! నోట్లో పెట్టకుండానే రాశాడు. నా మొహం చూసి కనిపెట్టాడట.’

(నవ్వులు)

గడువుకి ముందే ఎందుకు పదవీ విరమణ చేస్తున్నారని చాలామంది నన్నడిగారు. ఆరోగ్యం అని నోటీసులో వేశారు. ఆయన ఒక వాక్యం రాసి, ఈ సభలో చదవమని నాకిచ్చారు. ‘వ్యాధి తిరిగి వచ్చింది, ఈసారి ఆపరేషన్ లేదు.’ ఒక్క విశేషణం లేదు, చూశారా. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ‘అయినా ఆఖరు రోజు దాకా వచ్చేవాణ్ణి, భోజనాల గదిలో మనుషులుంటే.’



అధ్యక్షులవారు నన్ను క్షమించాలి. ఈ సభ ఏర్పాట్ల సంఘం వాళ్ళు, ఆయన నొచ్చుకుంటారని, ఇవాళ భోజనాలు వద్దనుకున్నారు. టీ కూడా వద్దనుకున్నారు. మన ఆఫీసు చరిత్రలో వీడ్కోలు సభకొచ్చిన వాళ్ళు ఎండు నోళ్ళతో ఇంటికెళ్ళింది లేదు. ఆయన మీద ప్రేమతో మనం చేసిన పనుల్లో ఇది చివరిది, ఇదీ తప్పే.

అందుకని అక్కా నేనూ కలిసి ఎదురు హోటల్‌కి చెప్పాం. ఇందాకటి నుంచీ మీ ముక్కులకి తగులుతున్న వాసన పక్కింటిది కాదు. సూప్, చేప వేపుడు, రొట్టె, బంగాళాదుంపలు, గాజు గ్లాసుల్లో టీ. హాలు వెనక బల్ల వేశారు. బల్ల చివర ఆయన కుర్చీ, ముందు ఒక ఖాళీ పళ్ళెం. ఎదురుగా ఇంకో కుర్చీ ఉంది. ఒక్కొక్కరూ మీ పళ్ళెం తీసుకుని వెళ్ళి అందులో కూర్చోండి. తినండి. ఏముందో ఆయనకి చెప్పండి. పెద్దన్నా, నువ్వు కూడా. ముద్ద దిగకపోతే దిగలేదని చెప్పు, అది కూడా వార్తే. బావుంది అన్నవాళ్ళకి పలకతో దెబ్బ తప్పదు.

నన్ను మాట్లాడమన్న సంఘానికి, ఓపిగ్గా విన్న మీకు, తలుపు తీసిన అక్కకి, నాకు చూడటం నేర్పిన మనిషికి కృతజ్ఞతలు. ఇంకో రెండు మాటలు రాసుకొచ్చాను, అవి వదిలేస్తాను. ఆయన పలక ఎత్తారు. వెనక వరుసల వాళ్ళ కోసం చదువుతాను.

‘ఏం తిన్నావు?’

ఇంకా ఏమీ తినలేదు సార్. తిని చెప్తాను. సెలవు.