బ్యారన్ బావి కాడ దొరసాని

బ్యారన్ బావి కాడికి ఎవరూ పోరు, తెలుసుగా మీకు? వాగు దాటి మేడిపాడు పొలిమేరలోకి తిరిగే చోట, పైకప్పు కూలిపోయిన బ్యారన్ ఒకటి, అదే పొగాకు కాల్చే కొట్టం, ఉంటది చూడండి, దాని పక్కనే. నీళ్ళు లేకా పోనిది? నీళ్ళకేం, ఎండాకాలంలో కూడా చేతికందేటట్టు ఉంటాయి. అయినా గొడ్లు కాసేవాళ్ళు పొద్దు వాలకముందే గొడ్లను ఇవతలికి తోలుకొచ్చేస్తారు. ఏందయ్యా అంటే దొరసాని ఉంది అంటారు. ఏ దొరసాని అంటే, ఎప్పుడో పొగాకు కొనటానికొచ్చిన తెల్లదొర పెళ్ళామంట, ఆ బావిలో పడి చచ్చిపోయి తెల్లగౌను వేసుకుని తిరుగుతా ఉంటదంట. ఆ గౌను చూసినోళ్ళు ఎవరు? నేను ఈ ఊరికి కాపరానికొచ్చి తల నెరిసింది, నేను చూశానని చెప్పినోళ్ళు ఒక్కళ్ళు కూడా తగల్లా. అందరూ ఇంకొకళ్ళు చూశారనే చెప్తారు. నాకు అందుకనే అనుమానం. వినండి గానీ చేతులు ఆపమాకండి, ఆ మిరపకాయలన్నిటికీ తొడిమలు తీయటం అయ్యేదాకా నేను చెప్తానే ఉంటా.

అసలు సంగతి మన ఊళ్ళో పుట్టింది కాదు, వాగవతల మేడిపాడులో పుట్టింది. అక్కడ తిరపతయ్య అని ఒక రైతు, కాస్త మిరప, కాస్త కంది, ఒక గేదె, పెళ్ళాం ఆదెమ్మ, ఒక్కగానొక్క కూతురు నాగరత్నం. వీళ్ళందరితోపాటు ఒక కుక్క. ఆ కుక్క పేరే దొరసాని. నవ్వమాకండి, నాగరత్నం పరికిణీ కట్టే వయసులో పెట్టిన పేరది. పాలలాగా తెల్లగా ఉండేది, నేల మీద కూర్చునేది కాదు, గోతం పరిస్తేనే దాని మీద ముందుకాళ్ళు చాపుకుని కూర్చునేది, అందుకని ఆ పేరు. మిరపకాయలు కల్లంలో ఎండబోస్తే కాపలాకి మనిషి అక్కర్లా, దొరసాని ఉంటే చాలు. తిరపతయ్య చేనుకి పోతే ముందు అది పోవాల్సిందే, ఇంటికొస్తే వెనక అది రావాల్సిందే.

మరి మనిషికి వచ్చే ముసలితనం కుక్కకి రాదా? వచ్చింది. కళ్ళల్లో తెల్లటి పొరలు కమ్మాయి. పిలిస్తే పలకటం మానేసింది. గాదె వెనక్కి దూరుద్ది, మళ్ళీ బయటికి ఎట్టా రావాలో తెలియక అక్కడే నిలబడుద్ది. వాకిట్లో తిరగటం మొదలుపెట్టిందా, గానుగెద్దులాగా తిరుగుతానే ఉంటది. వెనకనించి ఎవరన్నా చెయ్యేస్తే ఉలిక్కిపడి కరవబోతది. ఇవన్నీ ఒక ఎత్తు, గోడ ఒక ఎత్తు. నట్టింట్లో ఉత్తి గోడ వంక అట్టా చూస్తా నిలబడేది. ఆ గోడ పక్కనే ఒకప్పుడు తిరపతయ్య వాళ్ళమ్మ మంచం ఉండేది, ఆమె పోయింది కూడా ఆ మంచం మీదే. ఇంక తిరపతయ్య మనసు ఎట్టా ఉంటది చెప్పండి? ఇది ఎవర్ని చూస్తా ఉంది అని అన్నం తింటా తింటా ముద్ద ఆపేసి దాని వంకే చూసేవాడంట.

అట్టాంటి రోజుల్లో నాగరత్నం పురిటికొచ్చింది. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నించీ, పొద్దు గూకే యాళకి ఆ కుక్క వీధి గుమ్మంలోకి పోయి మొహం పైకెత్తి ఏడవటం మొదలుపెట్టింది. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండంగా గుమ్మంలో కుక్క ఏడుస్తా ఉంటే ఎవరికి మాత్రం గుండె నిలుస్తది? ఆదెమ్మ వాళ్ళన్న చూడొచ్చి, బావా ఇది యముణ్ణి చూస్తా ఉంది, పిల్లని చూసుకుంటావా కుక్కని చూసుకుంటావా అని ఊరుకున్నాడు. ఆ మాట ఒక్కటి అనేసి కాఫీ తాగి పోయాడాయన. తిరపతయ్యకి మాత్రం ఆ మాట పోలా. కుక్కంటే ప్రాణమే, కానీ కూతురు ముందు. ఆయన్ని నేను తప్పు పట్టను, పట్టేవాళ్ళు పట్టండి.

మర్నాడు కూతురు నిద్రపోతా ఉండంగా దొరసానిని ఎత్తి బండిలో పండుకోబెట్టాడు. ఇంటి దగ్గరైతే మళ్ళీ వచ్చుద్దని వాగు గట్టు దాకా తీసుకొచ్చి, ఆ కూలిన బ్యారన్ నీడన దించి, గోతం పరిచి, ఆకులో మజ్జిగన్నం పెట్టాడు. అది తింటా ఉంటే, అడుగుల చప్పుడు వినపడుద్దేమోనని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెల్లగా వెనక్కి నడిచాడంట. ఇంత దూరం పోయి తిరిగి చూస్తే, అది తినటం ఆపేసింది. ముక్కు పైకెత్తి గాలిని వెతుక్కుంటా ఉంది. తిరపతయ్య బండెక్కి ఇంక చూళ్ళా. కూతురు లేచి అడిగితే ఎటో పోయింది, వచ్చుద్దిలే అని చెప్పాడు.

కాన్పు సుఖంగా అయింది. మగపిల్లోడు. చూశావా పీడ పోయింది అని బంధువులందరూ అన్నారు, తిరపతయ్య కూడా అంతే అనుకున్నాడు. నాగరత్నం మాత్రం పిల్లోణ్ణి ఒళ్ళో వేసుకుని, నాన్నా దొరసాని రాలా అని రోజూ అడగటమే. అడిగినప్పుడల్లా ఈయన గేదె దగ్గరికి పోయేవాడు.

ఆ గేదెకి ఏదో పొదుగువాపు వస్తే పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఆమెకి దొరసాని తెలుసు, ఏడాదేడాదీ సూదిమందు వేసింది ఆమే. ముసలమ్మ ఏదయ్యా అని అడిగింది. ఆదెమ్మ ఊరుకోలేక గోడ సంగతి, గుమ్మంలో ఏడుపు సంగతి, బ్యారన్ కాడ దించొచ్చిన సంగతి అంతా చెప్పేసింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటా ఉన్నదల్లా ఆగి, తిరపతయ్య వంక చూసి, "అది యముణ్ణి చూసి ఏడవలేదయ్యా. మీరంతా ఎక్కడున్నారో కనపడక ఏడ్చింది," అంది.

కుక్కలకి కూడా ముసలితనంలో మతి తప్పుద్దంట, మీకెవరికన్నా తెలుసా? గోడనీ గుమ్మాన్నీ పోల్చుకోలేవంట, పొద్దు గూకేటప్పుడు మరీ బెదురుతాయంట. మంచాలూ బానలూ ఉన్నచోటే ఉంచి, దగ్గరికి పోయేముందు నేల మీద కాలుతో ఒక దెబ్బ కొట్టి, ఎదరనించి పోయి చెయ్యి వాసన చూపించి, సాయంత్రం కాసేపు పక్కన కూర్చుంటే చాలంట. మందు కూడా ఉందంట. ఇంకో మాట చెప్పింది ఆమె, దాని చెవులు ఎప్పుడో పోయాయని. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషి ఆ మాట వినంగానే తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఇంక ఆ రోజునించి ఆయనకి ఒకటే పట్టుదల, అది చచ్చేలోపు ఇంటికి తెచ్చుకోవాలని.

బ్యారన్ కాడికి పరిగెత్తాడు. గోతం ఉంది, కుక్క లేదు. బావిలోకి తొంగి చూశాడు, నీళ్ళ మీద ఏం లేదు. బ్యారన్ చుట్టూ మట్టిలో గుండ్రంగా అడుగులు, తిరిగి తిరిగి తిరిగిన అడుగులు. చెవిటిదని తెలిసినా పిలవకుండా ఉండలేకపోయాడు. ఆకులో అన్నం పెట్టి, దొరసానీ, దొరసానీ అని ఆ తుప్పల్లోకి పిలిచి పిలిచి పోయాడు. మర్నాడొచ్చి చూస్తే ఆకు నాకినట్టు శుభ్రంగా ఉంది. కుక్కే తిన్నదో, నక్కే తిన్నదో! ఆయన మాత్రం కుక్కే అనుకున్నాడు, మనసుకి అదే కావాలి కాబట్టి. ఇంక రోజూ సాయంత్రం ఇదే పని. డాక్టరమ్మని అడిగితే, పిలిచి లాభం లేదు, దానికి మిగిలింది ముక్కొక్కటే, నువ్వు వాడిన గుడ్డ ఒకటి ఉతక్కుండా అక్కడ పెట్టు, ఆ వాసన పట్టుకుని వచ్చి దాని మీదే పండుకుంటది, అప్పుడు తెచ్చుకో అంది. చేలో కట్టుకున్న తలగుడ్డ, చెమటకి చారలు కట్టింది, దాన్ని తీసుకెళ్ళి బావి పక్కన మడతపెట్టి, గాలికి పోకుండా పైన రాయి పెట్టి, పక్కన అన్నం పెట్టి, ఒకసారి పిలిచి ఇంటికిపోయాడు.

ఇప్పుడు ఇవతలికి రండి, మన ఊరికి. మన వాళ్ళకి మేడిపాడు కుక్క పేరేం తెలుసు? వాగు గట్టు మీద పోయేవాళ్ళకి రోజూ పొద్దు గూకే యాళకి మగ గొంతు ఒకటి, దొరసానీ అని పిలవటం వినపడుతుంది. ఎవరు పిలుస్తున్నట్టు? ఎవర్ని పిలుస్తున్నట్టు? అప్పుడే లేచింది ఈ తెల్లదొర పెళ్ళాం కథ, అంతకుముందు లేదు, కావాలంటే మీ తాతల్ని అడగండి, ఉంటే. ఒకళ్ళేమో దొరే దయ్యమై పెళ్ళాన్ని పిలుస్తున్నాడన్నారు, ఒకళ్ళేమో కాదు ఎవడో మేడిపాడోడు దాన్ని లేపి మన మీదకి తోలుతున్నాడన్నారు. మన కోటిలింగం ఉండేవాడు, ఇప్పుడు లేడు, ధైర్యస్తుణ్ణని ఆయనే చెప్పుకునేవాడు. ఆయన పట్టపగలు కొందర్ని వెంటేసుకుని బావి కాడికి పోయి చూస్తే ఇంకేముంది, ఆకులో అన్నం, రాయి కింద మగోడి గుడ్డ. చేతబడే, అనుమానం లేదన్నాడు. కళ్ళెదురుగా అన్నమూ గుడ్డా కనపడతా ఉంటే ఇంకెవరన్నా మాత్రం ఏమంటారు?

ఆ అన్నం తీసి బావిలో పోశారు. ఆ గుడ్డని కర్రతో ఎత్తి ఆకు మీదేసి, దాని మీద వేపమండలు వేసి, మనకి తెలిసిన విరుగుడు మనకుందిగా, ఎండు మిరపకాయలు దోసిళ్ళతో పోసి అంటించారు. ఆ ఘాటు ఇక్కడిదాకా వచ్చింది. మా ఇంట్లో కూడా దగ్గాం, దయ్యం పోయిందిలే అనుకుని సంతోషంగానే దగ్గాం.

ఆ సాయంత్రమే విరుగుడు పారిందో లేదో చూద్దామని కోటిలింగం వాళ్ళు మళ్ళీ పోయారు. గట్టు దిగేసరికి, ఆ బూడిద మీద తెల్లగా ఏదో పడి ఉంది. ధైర్యస్తుడు కోటిలింగం పక్కవాళ్ళ వెనక్కి పోయి నిలబడ్డాడు. అంతలో అవతల్నించి అన్నం గిన్నెతో ఒక మనిషి వచ్చాడు. వస్తా వస్తానే మిరపఘాటుకి దగ్గు తెర, నోటికి పంచె అడ్డం పెట్టుకుని వచ్చాడు. వచ్చి, ఆ తెల్లదాని పక్కన కూలబడి, దాని తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మా కుక్కయ్యా. దీని పేరు దొరసాని," అన్నాడు వీళ్ళ వంక చూడకుండానే.

కుక్క చచ్చిపోయి ఉంది. ముక్కంతా బూడిద, కళ్ళ కింద నీళ్ళు కారి ఎండిపోయిన చారలు. ఎక్కడెక్కడ తిరిగిందో, ఎన్ని తుప్పలు గుద్దుకుందో, ఎంతో కొంత వాసన పట్టుకుని ఆ చోటికి రానైతే వచ్చింది. వచ్చి, గుడ్డ కోసం ఆ మిరపబూడిదలో ముక్కు పెట్టి వెతికింది. కోటిలింగం ఆ గుడ్డ ఎవరిదని అడిగాడు. తిరపతయ్య చెప్పాడు, ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు. తర్వాత మన వాళ్ళే గుంట తవ్వారు. నాకు ఆ మాట తెలిసిన రోజు అన్నం సయించలా, ఇప్పుడు చెప్తున్నా ఏడుపొస్తా ఉంది.

ఇంట్లో మనిషిని సాగనంపినట్టే సాగనంపాడు తిరపతయ్య దాన్ని. పూడ్చిన తర్వాత వాగులో దిగి సబ్బుతో తలారా స్నానం చేశాడు, ఆదెమ్మ తెచ్చిన ఉతికిన పంచె కట్టుకున్నాడు, ఇంటికిపోయాడు. మర్నాడు మళ్ళీ స్నానం చేసి, పొద్దు గూకే యాళకి పాలు పోసొద్దామని ఒక్కడే వచ్చాడు. వచ్చి బావి పక్కన నిలబడితే, కాలి మీద చల్లగా, తడిగా ఏదో తగిలింది. కిందకి చూస్తే ఏం లేదు. ఏం లేదు గానీ ఊపిరి తగులుతా ఉంది. మడమ దగ్గర వాసన చూసింది, వేళ్ళ సందున చూసింది, పంచె అంచు పట్టి చూసింది. తిరపతయ్య కిందకి వంగి, "నేనేనమ్మా, నేనే," అన్నాడంట. చెవిటి దానికి ఏం వినపడుద్ది? సబ్బు వాసన, ఉతికిన పంచె వాసన. తన మనిషి కాదులే అనుకుని అది అవతలికి పోయింది.

ఆ తర్వాత ఆయన మాసిన గుడ్డలతో పోయాడు, చెమటతో చేలోంచి నేరుగా పోయాడు, స్నానం మానేసి పోయాడని కూడా అంటారు. మళ్ళీ ఆయన దగ్గరికి అది రాలా. ఆయన కాలం చేసేదాకా రాలా. ఆదెమ్మే ఒకసారి తిరనాళ్ళలో నా పక్కన కూర్చుని చెప్పింది ఇదంతా, అందుకని నమ్ముతున్నా, లేకపోతే నేనా నమ్మేది?

ఇప్పటికీ అక్కడ పొద్దు గూకేటప్పుడు ఎవరన్నా నిలబడితే కాళ్ళ దగ్గరికి వచ్చుద్దంట. కరవదు, అరవదు, వాసన చూసి తన మనిషి కాదని తెలుసుకుని పోతది. అయినా పోమాకండి. ముఖ్యంగా మీలో కొంతమంది పోమాకండి. ఎవరింట్లో కుక్క ముసలిదై ఎటో పోయిందని చెప్పారో, నాకు అనుమానం లేకపోలేదు, పేర్లెందుకులే. అట్టా దించొచ్చినోళ్ళ కాళ్ళ దగ్గర అది తొందరగా కదలదంట, చూసిన చోటే మళ్ళీ మళ్ళీ వాసన చూస్తదంట, ఆ తర్వాత వెనకాలే ఇంటిదాకా వస్తదంట. వస్తే ఏం చేస్తారు? చచ్చిపోయిన కుక్కని తీసుకెళ్ళి వదిలేసి రావటానికి ఇంకో చోటు కూడా లేదు.