తిరిగి ఎందుకు పోతరు, బుచ్చన్నగారూ?

ముంబైలోని కామాటిపురాలో ఒక ఇరుకు ఖోలీ, ఒంటిగది ఇల్లు. ఆదివారం ఉదయం. కూతురు రుతుజ కెనడా ఎయిర్‌పోర్ట్ ఆఫీసర్‌లా కుర్చీలో కూర్చుంది. ఎదురుగా తండ్రి బుచ్చన్న నిలబడ్డాడు.

“గట్ల చేతులు కట్టుకోని నిలబడొద్దు నాయినా. దొంగ లెక్క కనవడ్తవ్. మళ్ల మొదటికెల్లి. కెనడాకు ఎందుకొచ్చిన్రు?”

“మా ఆమెను చూడనీకి సారూ.”

“నేను మేడమ్‌ను.”

“మా ఆమెను చూడనీకి మేడమ్. పేరు సుజాత. ఈడ ముసలోళ్లను చూస్కునే పని. వచ్చి నాలుగేండ్లాయె. రోజూ వీడియోల కనవడ్తది. నేను చాయ తాగుతుంటే ఆమె రాత్రి అన్నం తింటుంటది. ఫోన్ల మాట్లాడొచ్చు గని చెయ్యి పట్టుకోనీకి రాదు గద మేడమ్, అందుకే—”

“అరే నాయినా! అడిగిందానికే చెప్పాలె. ఎన్ని రోజులుంటరు?”

“మూడు వారాలు.”

“శభాష్. ఇగ ఇనుండ్రి. మీ ఆమె దగ్గర ఎప్పటికీ ఉండిపోనీకి వేరే ఫైల్ ఏసిన్రు. ఆ వీసా ఇంకా రాలే. ఇప్పుడు చూసిపోత అని వచ్చి, ఈడనే కూసుంటే? తిరిగి ఎందుకు పోతరు?”

“జర నీళ్లియ్యి.”

“ప్రతిసారి గీడికి రాంగనే నీళ్లడుగుతవ్! ఏజెంట్ ఏమన్నడు? అసలు ప్రశ్న గిదే అన్నడు. జవాబు లేకుంటే అటుకెల్లి అటే వాపస్ పంపుతరంట. దుకాణం ఉందని చెప్పు.”

“గ్రాంట్ రోడ్ల ఫ్యాన్లు బాగుచేసే దుకాణమా? అది నాదా? నేను పనోన్ని. అది కూడ మూస్తమని మాలక్ మొన్ననే అన్నడు.”

“ఖోలీ ఉంది గద.”

“బిల్డింగ్ పడగొడ్తమని గోడకే నోటీస్ అంటిచ్చిన్రు.”

“గణపతికి లైటింగ్ నువ్వే చేస్తవ్. గది చెప్పు.”

“గణపతి అయినంకనే గద పోతున్న.”

“కొంచెం అబద్ధమాడితే ఏమైతది నాయినా?”

“నోట్లకెల్లి రాదు బిడ్డా. పెండ్లిచూపులల్ల కూడ మీ అమ్మకు నిజమే చెప్పిన. ఈ చొక్కా నాది కాదు, దోస్తుది అని. నవ్వింది. ఒప్పుకున్నది.”

“ఆఫీసర్ నవ్వదు.”

“అసలు నిజం చెప్పాల్నా? ఒక్కసారి ఆమె మొఖం చూసినంక వాపస్ వస్తనో రానో నాకే తెల్వదు.”

“నాయినా!”

“నువ్వే అడిగినవ్.”

“నేను ఈడ లేనా? వయసు దాటిందని ఫైల్ల నా పేరు ఎక్కలే. నా కోసమన్న రావా?”

“నీ కోసం రాక ఎవరి కోసమొస్త? గని ఆ మేడమ్ ఏమంటది? ‘మీ బిడ్డ పెద్దదాయె, ఉద్యోగం చేస్తది, మీతోని ఆమెకేం పని’ అంటది. నిజమే గద. గ్యాస్ నువ్వే తెప్పిస్తవ్, కరెంటు బిల్లు నువ్వే కడ్తవ్. నాతోని నీకేం పనుంది చెప్పు.”

“ఉంది.”

“ఏం పని?”

“బిడ్డ పెండ్లి ఉందని చెప్పు.”

“చల్! లేని పెండ్లి చెప్పాల్నా? అది కూడ అబద్ధమే.”

“అబద్ధం కాదు.”

“ఏందీ?”

“అబద్ధం కాదు నాయినా. దివాళీ అయినంక చేసుకుందామనుకుంటున్నం.”

“అనుకుంటున్నం అంటే? ఎంతమంది అనుకుంటున్నరు?”

“ఇద్దరం. అమ్మను కలిపితే ముగ్గురం.”

“మీ అమ్మకు తెలుసా!”

“మొన్ననే చెప్పిన. నాయినకు నువ్వే చెప్పాలె అన్నది. చెబ్దామనే రోజూ గిట్ల కూసుంటున్న. నువ్వు నీళ్లడుగుతున్నవ్, నేను తెచ్చిస్తున్న.”

“పిల్లగాడెవడు?”

“అతుల్. ఫోరస్ రోడ్ల స్టీల్ గిన్నెలమ్మే శంకర్రావు మామ కొడుకు.”

“గా పొడుగోడా? మన ఫ్రిజ్‌ను మెట్ల మీదికెల్లి మోసుకొచ్చినోడు?”

“ఆఁ.”

“అంత మోసి, చాయ కూడ తాగకుండ తల వంచుకోని పోయిండు. అప్పుడే నాకు డౌట్ రావాలె.”

“కోపమొచ్చిందా?”

“ఆగు. పెండ్లికి మీ అమ్మ ఉంటదా?”

“ఉంటది. సెలవు పెట్టింది. నువ్వు తిరిగొచ్చేటప్పుడు నీతోనే వస్తదంట.”

“నాతోనా? ఒక్కటే విమానంలనా?”

“పక్కపక్క సీట్లే అడిగిందంట.”

“పిచ్చిదానా! గీ మాట ముందు చెప్పొద్దా? అడుగు, ఇప్పుడడుగు.”

“తిరిగి ఎందుకు పోతరు, బుచ్చన్నగారూ?”

“బిడ్డ పెండ్లి చేయనీకి మేడమ్. మా ఆమెను కూడ తోల్కపోతున్న. మీరు ఆపినా ఆగను.”

“గా చివరిది వద్దు.”

“సరే, వద్దు. మరి గా పొడుగోడు ఇప్పుడెక్కడున్నడు?”

“కింద. మెట్ల దగ్గర. పొద్దుగాలకెల్లి నిలబడ్డడు.”

“అయితే లెవ్వు, నన్ను కూసోనియ్యి. ఇప్పుడు ఆఫీసర్‌ను నేను. పిలువు వాన్ని.”