పదకొండో సంతకం

రేపల్లె, 2005 వేసవి. విజయ వాళ్ళ ఇంటి వసారా. తెనాలి నుంచి మధ్యాహ్నం ప్యాసింజరులో వచ్చిన యాకూబ్ మాస్టారు బల్ల మీద ఒక కాగితం పెట్టారు.

"కాగితం తర్వాత చూద్దాం మాస్టారూ. ముందు మంచినీళ్ళు తాగండి."

"రెండు గ్లాసులు తాగానమ్మా."

"అయితే టీ పెడతాను."

"టీ కూడా అయింది. ఆ ఖాళీ గ్లాసు నీ చేతిలోనే ఉంది."

"అవును కదూ! ఇన్నేళ్ళకి మిమ్మల్ని చూసేసరికి కంగారుగా ఉందండీ. మీరేం మారలేదు."

"జుట్టు పోయింది, పళ్ళు కట్టించుకున్నాను, మోకాళ్ళు మాట వినడం లేదు. మిగతాదేం మారలేదు. చదివావా?"

"చదివాను. మళ్ళీ చదువుతాను. ఇదేదో 'సదరు' అని ఉంది..."

"బీయే చదివినదానివి, సదరు అర్థం కాలేదా విజయా? సరే, నేనే చెబుతా. ఎనభై ఎనిమిదిలో నువ్వు బాపట్ల కాలేజీలో ఉండగా మనం 'ముందుగది అద్దెకు' అని హాస్య సీరియల్ తీశాం. టీవీలో పదమూడు వారాలు వచ్చింది. ఇప్పుడు ఒక కంపెనీ కుర్రాళ్ళు దాన్ని సీడీలుగా వేస్తామంటున్నారు. వేషం వేసిన పదకొండు మందీ అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పది అయ్యాయి. నీదే మిగిలింది."

"పదిహేడేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకండీ? టీవీలో ఒక్కసారి కూడా మళ్ళీ వెయ్యలేదుగా."

"ఎలా వేస్తారమ్మా? ప్రతి సీనులోనూ ఇంటాయన రేడియో పెడతాడు. అందులో సినిమా పాట వస్తుంది. పాట పాటకీ ఒక యజమాని. వాళ్ళందరి గుమ్మాలూ ఎక్కి దిగేకంటే కొత్త సీరియల్ తీయించుకోవడం తేలికన్నారు."

"ఆ రేడియో పెట్టమన్నది మీరే."

"నేనే. వీధిలో బళ్ళ చప్పుడు వినపడకుండా ఉంటుందని పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా."

"గోడకి అప్పడాల కేలెండరు కూడా ఉండేది."

"అదొకటి! డబ్బు పెట్టిన అప్పడాల కంపెనీ మూతపడింది. ఇంకో అప్పడాల కంపెనీని బతిమాలితే, మళ్ళీ వేయడానికి డబ్బిస్తాం గానీ ఆ కేలెండరు తీసేయమన్నారు. పదమూడు వారాలూ ఆ గోడ ముందే తీశాను. గోడ తీసేస్తే నా సీరియల్లో ఏముంటుంది?"

"మరి సీడీల వాళ్ళకి పాటల గొడవ లేదా?"

"పాట వచ్చిన చోట చప్పుడు తీసేసి, జనం నవ్విన చప్పుడు పెడతారట."

"మన జోకులకా?"

"అప్పుడు నవ్వనివాళ్ళు బాకీ తీర్చుకుంటారనుకో. ఇంతకీ..."

"ఎవరే విజయా వచ్చింది?"

"ఎవరూ కాదు అత్తయ్యా, తెనాలి నుంచి మా..."

"నమస్కారమండీ అమ్మగారూ. నా పేరు యాకూబ్. మీ కోడలు చదువుకునే రోజుల్లో టీవీ సీరియల్ తీసినవాణ్ణి."

"అయ్యో, మీరేనా! మా కోడల్ని హీరోయిన్ని చేసిన పెద్దమనిషి మీరేనా బాబుగారూ!"

"హీ..."

"అత్తయ్యా, పొయ్యి మీద పాలు!"

"పాలు పొద్దునే కాచాంగా. కూర్చోండి బాబుగారూ, లేవకండి. మా శివకృష్ణకి ఏడు సంబంధాలు వచ్చినయ్యండీ. బాపట్ల పిల్ల టీవీలో హీరోయిన్ అన్నారు. అంతే, మిగతా ఆరు ఫొటోలూ కవర్లోంచి తీయనే లేదు నేను. ఆ సీరియల్ చూసే యోగం మాత్రం లేకపోయింది. అప్పట్లో నిజాంపట్నంలో ఉండేవాళ్ళం. పడవలు ఒడ్డుకొచ్చే టైమూ దాని టైమూ ఒకటే."

"అలాగాండీ..."

"ఇప్పటికీ చేపల వేలంపాట దగ్గరికి వెళితే 'హీరోయిన్‌గారి అత్తగారు వచ్చారు, జరగండి' అంటారు. ఇందాక సీడీ అన్నారు, ఏంటది?"

"సీరియల్ సీడీలుగా వస్తే... అంటే, వస్తేనండీ... ఇంట్లోనే వేసుకుని చూడొచ్చు."

"మొత్తమా?"

"మొత్తం."

"విజయా, విన్నావటే! రంగమ్మకి చెప్పాలి. వరమ్మకైతే ఇప్పుడే చెప్పాలి, మొన్న పెళ్ళిలో 'మీ కోడలు నిజంగా వేసిందా' అని అడిగింది నన్ను. టీవీ ఈ అరుగు మీద పెట్టిద్దాం. వీధంతా కూర్చుంటుంది."

"అత్తయ్యా, ఇప్పుడే ఎవరికీ చెప్పొద్దు, ఇంకా ఏదీ... అత్తయ్యా! వెళ్ళిపోయారు."

"చెప్పులు కూడా వేసుకోలేదమ్మా పాపం."

"మాస్టారూ, మీరలా చూడకండి."

"నేనేం చూడలేదు. నాకు మతిమరుపు వచ్చిందేమోనని ఆలోచిస్తున్నాను. హీరోయిన్ మా తెనాలి అమ్మాయి ఆసియా కదూ?"

"ఆసియానే."

"నువ్వు ఎనిమిదో వారంలో..."

"మజ్జిగ."

"ఆ, మజ్జిగ గ్లాసు పట్టుకొచ్చావు."

"పట్టుకొచ్చి 'బాబాయిగారూ, మజ్జిగ' అనాలి. పద్నాలుగుసార్లు తీశారు."

"పదహారు."

"పోనీ పదహారు. చెయ్యి వణికేది, మాట వచ్చేది కాదు. ఒకసారి 'మజ్జిగగారూ, బాబాయి' అన్నాను."

"చివరికి మొహం వదిలేసి చెయ్యి ఒక్కటీ తీశాను."

"గొంతు కూడా నాది కాదు."

"మా ఆవిడ సాబిరాది. ఎదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంటే, నువ్వు అనవే అన్నాను. ఒక్కసారికే అనేసింది."

"గాజులు మాత్రం నావే కదండీ?"

"ఆసియావమ్మా. నీవి గలగలమంటున్నాయని మార్పించాం."

"అయితే నాదంటూ ఏం మిగిలిందండీ ఆ సీరియల్లో?"

"మోచేతి దాకా నీదే."

"నవ్వండి, నవ్వండి. నేను మాత్రం అబద్ధం ఆడలేదు మాస్టారూ. పెళ్ళిచూపుల్లో మా వెంకటప్పయ్య బాబాయి 'పిల్ల టీవీలో వేసింది' అన్నాడు. అది నిజమే కదా. 'హీరోయినా?' అని అత్తయ్య నన్నే అడిగారు. నేను తల వంచుకున్నాను."

"కాదని చెప్పొచ్చుగా?"

"పెళ్ళిచూపుల్లో పిల్ల తల ఎత్తి 'కాదండీ, చెయ్యి' అంటుందాండీ? అమ్మ ముందే చెప్పింది, ఏమడిగినా తల వంచుకో, మాట్లాడకు అని. నేను వంచుకున్న తల చూసి అవునన్నాననుకున్నారు. అక్కడే తాంబూలాలు తీసుకున్నారు."

"పెళ్ళయ్యాక చెప్పొచ్చు."

"చెబుదామనే అనుకున్నాను. మూడోరోజుకే వీధి వీధంతా వచ్చి కూర్చున్నారు, కథ చెప్పమని. సరేనని మొదటి వారం చెప్పాను. ఎనిమిదో వారానికి వచ్చేసరికి నాకే నమ్మకం కుదిరింది. మీరు తియ్యని సీన్లు కూడా నేను వేశాను. వానలో ఒకటుంది. రైలు వెంట పరుగెత్తేది ఒకటుంది."

"మన దగ్గర రైలుకి డబ్బెక్కడిది?"

"నా దగ్గర ఉంది లెండి, చెప్పడమేగా."

"వాన సీను బాగా వచ్చిందా?"

"అందరూ కళ్ళు తుడుచుకున్నారు."

"అది హాస్య సీరియలమ్మా."

"అప్పటికది గుర్తులేదండీ నాకు. ఇంకా సిగ్గు లేని సంగతి చెప్పనా? ఇప్పుడు సీరియళ్ళు వస్తుంటే పక్కింటివాళ్ళకి తప్పులు చూపిస్తుంటాను. ఆ అమ్మాయి చూపు నిలవలేదు, ఈ అమ్మాయికి గ్లాసు పట్టుకోవడం చేతకాలేదు అని. గ్లాసు గురించి నేను మాట్లాడతానండీ, నేను!"

"అయితే సంతకం పెట్టవన్నమాట."

"ఎలా పెట్టమంటారు చెప్పండి. ఈ అరుగు మీద టీవీ పెడతారు. మొదటి వారం నుంచీ, హీరోయిన్ ఎప్పుడొస్తుందా అని కూర్చుంటారు. ఎనిమిదో వారంలో చెయ్యి వస్తుంది. వరమ్మ మా అత్తయ్య వంక చూస్తుంది. నా సంగతి సరే, చేపల పాట దగ్గర ఆవిడకెవరు జరుగుతారండీ ఆ తర్వాత?"

"అర్థమైందమ్మా. బలవంతం ఏమీ లేదు. వద్దంటే వద్దు."

"మీరు ఇంత ఎండలో వచ్చారు."

"ఎండదేముంది? కిటికీ పక్క సీటు దొరికింది."

"పదమూడు వారాల కష్టం మీది."

"పోతే పోయింది. నువ్వు ఇబ్బంది పడకూడదు. ఒప్పుకోనని అక్కడ ఒక్క ముక్క రాసేయి, నేను నాలుగింటి బండికి వెళ్ళిపోతా."

"మిగతా పదిమందీ వెంటనే పెట్టారా?"

"అడగ్గానే పెట్టారు. ఒక్కళ్ళూ పేచీ పెట్టలేదు. చెంచురామయ్య పోయాడు కదా, బాపట్ల వెళితే వాళ్ళావిడ కళ్ళజోడు తెప్పించుకుని మరీ పెట్టింది."

"అదేంటి, అంత దిగులుగా చెబుతున్నారు? ఉండండి... చెంచురామయ్యగారు పోయారా?"

"రెండేళ్ళయింది. గుండె."

"ఇంటాయన వేషం ఆయనదే కదూ. నేను గ్లాసు ఇచ్చిన ప్రతిసారీ తాగారండీ ఆయన. మజ్జిగ కూడా కాదు, బియ్యప్పిండి కలిపిన నీళ్ళు. పదహారు గ్లాసులు. ఒక్కసారీ విసుక్కోలేదు. పైగా 'మెల్లిగా రా తల్లీ, నా దాహం ఎక్కడికీ పోదు' అనేవారు."

"మంచివాడు."

"వాళ్ళావిడ ఏమన్నారు?"

"ఏముంది, సీడీ వచ్చాక... ఆయన నడిచింది మళ్ళీ చూడొచ్చా అని అడిగింది. వాళ్ళింట్లో అన్నీ కూర్చున్న ఫొటోలేనట."

"ఆ కాగితం ఇటు జరపండి."

"ఏంటమ్మా?"

"పెన్ను ఇవ్వండి."

"ఒప్పుకోనని రాయడానికేగా?"

"సంతకానికి. ఆవిడ ఆయన్ని చూసుకోకుండా ఆపడానికి నేనెవరినండీ? నా మోచెయ్యి దాచుకోవడానికి ఇంకొకళ్ళ మనిషిని దాచిపెట్టనా?"

"తొందరపడకు. బాగా ఆలోచించుకో."

"పదిహేనేళ్ళ నుంచి ఆలోచిస్తున్నాను. అత్తయ్య రాగానే నేనే చెబుతాను, నాది చెయ్యి మాత్రమేనని."

"మీ ఆయన ఏమంటాడో?"

"ఐసు వ్యాపారం ఆయనది. హార్బరు చేరేలోపు అది కరక్కపోతే చాలు. పెన్నేదండీ?"

"తేలేదమ్మా."

"మీ జేబులో ఉందిగా."

"అది రాయదు."

"చూడనివ్వండి... ఇదిగో, రాస్తోంది."

"విజయా, ఆగు! టేపులు లేవు!"

"లేవంటే?"

"బీరువాలో ఉన్నాయి. వాటిలో సీరియల్ లేదు."

"మరేముంది?"

"పెళ్ళిళ్ళు. సీరియల్ అయ్యాక పని లేక పెళ్ళిళ్ళు తీయడం మొదలెట్టాను. ఒకసారి కొత్త టేపు దొరకలేదు. ముహూర్తం ఆగదు. మొదటి వారం టేపు పెట్టి దాని మీద తీశాను. ఒక్కటేగా అనుకున్నా. ముహూర్తాలు ఎక్కువున్న ఏడాది పదమూడూ అయిపోయాయి."

"టీవీ వాళ్ళ దగ్గర ఉంటాయిగా?"

"భద్రంగా దాచుకుంటానని రాసిచ్చి నేనే తెచ్చుకున్నానమ్మా. వాటి మీదే తీశాను."

"ఎనిమిదో వారం?"

"పొన్నూరు రైసుమిల్లు వాళ్ళ అమ్మాయి తలంబ్రాలు."

"మరి సీడీలు వేస్తామని వచ్చిన కుర్రాళ్ళకి ఏం చెప్పారు?"

"ఎక్కడ మైకు ఇచ్చినా, నా బీరువా నిండా చరిత్ర ఉందని చెప్పడం నాకు అలవాటు. ఓ సభలో వాళ్ళున్నారు. టేపులు ఇమ్మన్నారు. చెరిపేశానని చెప్పడానికి నోరు రాలేదు. నటులంతా ఒప్పుకోవాలి అన్నాను. పదకొండు మందిలో ఒక్కళ్ళన్నా కాదంటారు కదా, వాళ్ళ మీద పెట్టి తప్పుకుందామనుకున్నా. మనవాళ్ళు షూటింగులో ఉప్మా దగ్గర కూడా తగువులాడినవాళ్ళేగా!"

"అందరూ ఒప్పుకున్నారు."

"సంతోషంగా. తిట్టుకుంటూ బండెక్కాను ప్రతిసారీ."

"ఆవిడకేం చెబుతారండీ? చెంచురామయ్యగారి భార్యకి?"

"ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, చెప్పకుండానే వచ్చేశాను."

"చెప్పాల్సిందే మాస్టారూ. కంపెనీకి ఏమన్నా చెప్పుకోండి, ఆవిడకి మాత్రం నిజం చెప్పాలి."

"చెబుతాను. రేపే వెళతాను."

"ఇందాక సంతకం పెట్టబోతూ నేనేమనుకున్నానో తెలుసా? పోనీలే, పరువు పోతే పోయింది, ఇరవై ఏళ్ళప్పటి నా చెయ్యి ఎలా ఉండేదో ఒకసారి చూసుకోవచ్చు కదా అనుకున్నాను."

"బాగుండేదమ్మా. వణికేది గానీ, బాగుండేది."

"అదిగో, అత్తయ్య వస్తున్నారు. వెనకాల రంగమ్మగారు, వరమ్మ, ఇంకా పదిమంది ఉన్నట్టున్నారు. త్వరగా చెప్పండి, ఇప్పుడు నేనేం రాయను?"

"మజ్జిగ తెచ్చిన చెయ్యి వద్దందంటే ఆ కుర్రాళ్ళు ఆగరమ్మా, నీ పేరు పక్కన పాత్ర అని ఉన్నచోట 'హీరోయిన్' అని రాసి, దాని కింద 'నేను ఒప్పుకోను' అని సంతకం పెట్టు."